పడినా లేచే తీగ

2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 నింగికెగసింది. అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఆ దీవిలో, రెండో ప్రయోగ వేదిక మీద నుంచి జరిగిన తొలి ప్రయోగం అది. ప్రధాన ఉపగ్రహం కార్టోశాట్-1 బరువు పదిహేను వందల కిలోల పైమాటే. దానితోపాటు వెళ్లిన హామ్‌శాట్ బరువు 42.5 కిలోలు. లాభం ఆశించకుండా, ఇష్టం కొద్దీ రేడియోలో మాట్లాడుకునే హామ్‌ల కోసం ఇస్రో పంపిన కానుక అది. విన్న సంకేతాన్ని తిరిగి పలికే రెండు ట్రాన్స్‌పాండర్లు అందులో ఉండేవి. వాటిలో ఒకటి మన దేశంలో తయారైతే, రెండోదాన్ని నెదర్లాండ్స్ హామ్ విలియం లైయెనార్ తయారుచేశాడు. రెండేళ్లు పనిచేస్తే చాలనుకున్న ఆ ఉపగ్రహం 2014 జూలై దాకా గొంతులు మోసింది.

హామ్ రేడియో చేయాలంటే ప్రభుత్వ పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి. పన్నెండేళ్లు నిండితే పరీక్షకు అర్హులే. నెగ్గినవారికి వీయూ2, వీయూ3 లాంటి అక్షరాలతో మొదలయ్యే కాల్ సైన్ వస్తుంది. ప్రపంచంలో అదే పేరు ఇంకొకరికి ఉండదు. అసలు చదువు ఆ తర్వాతే మొదలవుతుంది.

హామ్‌శాట్ 435 మెగాహెర్ట్జ్ దగ్గర విన్నదాన్ని 145 దగ్గర తిరిగి పలికేది. సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతూ, ఒక ఊరి ఆకాశంలో పట్టుమని పావుగంట కూడా ఉండేది కాదు. స్టేషన్‌లో ఆగకుండా దూసుకుపోయే రైలు కూత దగ్గరికొచ్చేటప్పుడు సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా, ఉపగ్రహం స్వరమూ అంతే. 145 దగ్గర మూడు కిలోహెర్ట్జ్ వరకు, 435 దగ్గర దానికి మూడింతలు జరిగిపోతుంది. ఆ తేడాకే మాట అర్థంకాని గరగరగా మారుతుంది. అందుకే హామ్ ఒక చేత్తో యాగీ యాంటెన్నాను ఆకాశం వెంబడి తిప్పుతూ, రెండో చేత్తో డయల్‌ను వెంట్రుకవాసి చొప్పున సవరిస్తూ పోవాలి. ఈ ఒడుపు పుస్తకం చదివితే వచ్చేది కాదు. చెవికీ చేతికీ జత కుదరాలి.

ఇంతకన్నా చవకైనది, తీరానికి మరింత పనికొచ్చేది ఇంకొకటుంది. ఏడు మెగాహెర్ట్జ్ డైపోల్. ఇరవై మీటర్ల రాగితీగను నడిమికి రెండుగా కోసి, ఆ మధ్యలో కేబుల్ కలిపి, రెండు కొసలనూ తాళ్లతో రెండు చెట్లకు కడితే యాంటెన్నా సిద్ధం. పెద్ద టవరు అక్కర్లేదు. అయిదారు మీటర్ల ఎత్తులో కట్టిన తీగ నుంచి తరంగాలు దాదాపు నిట్టనిలువుగా పైకెళ్లి, అయనోవరణాన్ని తాకి, చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర కిందికి దిగుతాయి. నెల్లూరులో పగటిపూట పలికితే చెన్నైలో, విజయవాడలో, హైదరాబాద్‌లో వినిపించే అవకాశం బాగా ఉంటుంది.

నెల్లూరు జిల్లా తీరంలో మైపాడు నుంచి రామాయపట్నం దాకా ఈ సరదాకు మొదటి శత్రువు ఉప్పుగాలి. అల్యూమినియం గొట్టానికి ఇనుప బోల్టు బిగిస్తే ఆ రెండూ కలిసిన చోటే తినేస్తుంది. రాగి పచ్చబడుతుంది, కనెక్టర్‌లోకి తేమ దిగుతుంది. అందుకే ఇక్కడ స్టెయిన్‌లెస్ బోల్టులు, నైలాన్ తాళ్లు వాడాలి, ప్రతి అతుకూ గాలి చొరకుండా టేపుతో చుట్టాలి. వానాకాలానికి ముందు అన్నీ విప్పి చూసుకోవాలి. పిడుగుల వేళ కేబుల్ తీసి పక్కన పెట్టాలి.

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను ఈ జిల్లా పెద్దలకు ఇప్పటికీ గుర్తే. అలాంటి తుపానులో స్తంభాలు కూలి కరెంటు పోతే, బ్యాటరీలు అయిపోయాక సెల్‌టవర్లూ మూగబోతాయి. హామ్ తీగా తెగుతుంది. కానీ కారు బ్యాటరీ ఒకటి, నిలిచిన చెట్లు రెండు దొరికితే గంటలో మళ్లీ లేస్తుంది.

2004 డిసెంబరులో ఇది రుజువైంది. హైదరాబాద్‌లో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్ వెళ్లింది. వీయూ4ఆర్‌బీఐ కాల్ సైన్‌తో ప్రపంచంలోని హామ్‌లను పలకరించడమే ఆ యాత్ర ఉద్దేశం. డిసెంబరు 26న సునామీ వచ్చింది. సరదా కోసం తెచ్చిన రేడియోలే ద్వీపాల క్షేమ సమాచారాన్ని దేశానికి చేరవేశాయి. అదే సునామీ ఆ ఉదయం నెల్లూరు తీరాన్నీ కొట్టింది.

పోర్ట్‌బ్లెయిర్‌లో పనిచేసింది యంత్రం ఒక్కటే కాదు, క్రమశిక్షణ కూడా. ఆపదలో ఒక రేడియో స్టేషన్ సంభాషణను నడిపిస్తే మిగతావి పిలిచేదాకా మౌనంగా వింటాయి. సందేశం అందుకున్నవాళ్లు దాన్ని కాగితం మీద రాసుకుని, మాటకు మాట తిరిగి చదివి వినిపిస్తారు. ఏళ్ల తరబడి సరదాగా సాధన చేసినవాళ్లకే ఆ నిదానం అబ్బుతుంది. ఈ వ్యాపకానికి నేనిచ్చే విలువ అందుకే.

తీరప్రాంత ఉన్నత పాఠశాలల సైన్స్ ఉపాధ్యాయులకు నా విన్నపం. ఇద్దరు పిల్లలనైనా హామ్ పరీక్షకు సిద్ధం చేయండి, బడి ఆవరణలో ఒక తీగ కట్టించండి. రాకెట్లు ఎగిరే తీరంలో పుట్టిన పిల్లలకు ఆకాశంతో మాట్లాడటం నేర్పడం మన బాధ్యత.