లోలెవల్ బ్రిడ్జి అని రాయండి

వానకాలం మొదలైతే జిల్లా పేజీలో ఒక వార్త తప్పకుండా వస్తుంది: వంతెనపై నుంచి వాగు, రాకపోకలు బంద్. ఏళ్ళ తరబడి ఇలాంటి వార్తలు దిద్దాక నాకొకటి గట్టిగా అనిపిస్తున్నది. అందులోని ‘వంతెన’ అన్న మాటతో పాఠకుడికి తెలిసేది చాలా తక్కువ. నీళ్ళు ఎక్కకూడని చోటికి ఎక్కాయా, ఎక్కుతాయని తెలిసే కట్టిన చోటికి ఎక్కాయా? మొదటిది అరుదుగా జరిగే ప్రమాదం. రెండోది ఏటా జరిగేదే. ఆ దారిన బండి మీద పోవాల్సిన మనిషికి ఈ రెంటి మధ్య తేడా ప్రాణంతో సమానం.

మా ఎర్రవల్లి దిక్కు మాటల్లో ఈ తేడా ఎప్పటినుంచో ఉంది. బాట కింద రెండు సిమెంటు పైపులు పరిచి మట్టి కప్పితే అది మోరీ. గోడలు లేపి స్లాబు వేస్తే కల్వర్టు, పెద్దవాళ్ళ నోట కల్వట్టు. వాగులో నీళ్ళకు కాస్త పైగా పరిచిన రోడ్డు లోలెవల్. దానికి బ్రిడ్జి అన్న తోక కూడా అక్కర్లేదు, ‘లోలెవల్ కాడ ఆగిన’ అంటే అందరికీ అర్థమవుతుంది. ఎత్తు పిల్లర్ల మీద నిలబడ్డదే బ్రిడ్జి. 2020 మే 29న మర్కూక్ దగ్గర 15 టీఎంసీల కొండపోచమ్మ సాగర్ ప్రారంభమయ్యాక ఈ ప్రాంతంలో కాలువలు, వాటిని దాటే రోడ్లు మామూలయ్యాయి. ఇరిగేషన్ ఇంజినీర్ల కాగితాల్లో వాటికి ఇంకో భాష ఉంది. ఎస్ఎల్ఆర్‌బీ అంటే ఒక వరుస రోడ్డు బ్రిడ్జి, డీఎల్ఆర్‌బీ అంటే రెండు వరుసలది, యూటీ అంటే కాలువ కట్ట కింద నుంచి వాగునీళ్ళు పోయే దారి. వాగు మీదుగా కాలువ పోతే ఆక్విడక్ట్, కాలువ మీదుగా వాగు పోతే సూపర్ పాసేజ్. ఒక్కో పేరు వెనుక ఏది పైన, ఏది కింద అన్న లెక్క ఉంది. ఊరివాళ్ళకూ ఇంజినీర్లకూ ఉన్న ఈ పట్టింపు మధ్యలో ఉన్న పత్రికలో మాత్రం కరిగిపోతున్నది.

ఫ్లైఓవర్ విషయంలో మనం ఇలా లేము. ఇంగ్లిషు మాట్లాడేవాళ్ళలోనే దానిమీద ఏకాభిప్రాయం లేదు. బ్రిటన్‌లో ఫ్లైఓవర్ అనేదాన్ని అమెరికాలో ఎక్కువగా ఓవర్‌పాస్ అంటారు, అక్కడ ఆటస్థలాల మీదుగా విమానాలు బారులు తీరి ఎగరడం కూడా ఫ్లైఓవరే. మనవాళ్ళు బ్రిటిష్ మాట తీసుకుని దానికి గట్టి హద్దు గీశారు. కింద రోడ్డుంటేనే ఫ్లైఓవర్, నీళ్ళుంటే కాదు. మూసీ మీది దాన్ని ఫ్లైఓవర్ అని ఏ ఆటో డ్రైవరూ అనడు. కొన్ని పత్రికలు పైవంతెన అంటాయి, అది మంచి మాటే. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో తెరిచాక, దాని పిల్లర్ నంబర్లు కింద కాపురముండే జనానికి చిరునామాలయ్యాయి. నగరంలో పైన కారు పోయే కట్టడానికి ఇంత కచ్చితంగా పేరు పెట్టుకున్నాం. పల్లెలో పైన వాగు పోయే కట్టడానికీ అంత శ్రద్ధ దక్కాలి.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క సులువుగానే ఉంటుంది. మొత్తం పొడవు 6 మీటర్ల దాకా ఉంటే కల్వర్టు, 60 మీటర్ల దాకా మైనర్ బ్రిడ్జి, ఆపైన మేజర్ బ్రిడ్జి. అది పొడవు సంగతి. ఎత్తు సంగతి వేరు, వార్తకు కావాల్సింది అదే. పెద్ద వరద కూడా కింద నుంచే పోయేలా కడితే హైలెవల్. వరద వచ్చిన కొన్ని గంటలో ఒకటి రెండు రోజులో మునిగి, తగ్గాక మళ్ళీ తేలేలా కడితే సబ్‌మర్సిబుల్, అంటే మునిగే వంతెన. వాగు అడుగునే దాదాపు ఆనుకుని రోడ్డు పరిచి, కింద కొన్ని తూములు వదిలితే కాజ్‌వే. మనం లోలెవల్ అనే మాటలో ఈ చివరి రెండూ కలిసిపోయాయి. ఫరవాలేదు, రెండూ మునిగేవే.

వీటిని మునిగేలా ఎందుకు కడతారని కోపంగా అడిగేవాళ్ళున్నారు. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయి ఉండే వాగు మీద, బండ్లు తక్కువ తిరిగే దారిలో హైలెవల్ కట్టే డబ్బుతో ఎన్నో ఊళ్ళకు దారి వేయొచ్చు. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. దారే లేని ఊరికంటే ఏడాదిలో నాలుగు రోజులు దారి ఆగే ఊరు నయం. ఆ నాలుగు రోజుల సంగతి ముందే చెప్పకపోవడమే అన్యాయం.

లోలెవల్‌కు నిండు పిట్టగోడ ఉండదు, అంచున పొట్టి రాళ్ళే ఉంటాయి. వరదలో కొట్టుకొచ్చే కొమ్మలు గోడకు అడ్డంపడితే నీటి ఒత్తిడంతా స్లాబు మీద పడుతుంది కాబట్టి అలా కడతారు. వాగు కోసం చేసిన ఆ ఏర్పాటే బండివాడికి ఆసరా లేకుండా చేస్తుంది. తూముల్లో చెత్త, తుమ్మకొమ్మలు, గుర్రపుడెక్క ఇరుక్కుంటే, లెక్క వేసినదానికంటే తక్కువ వరదకే నీళ్ళు పైకెక్కుతాయి. ఎగువ పక్క నీళ్ళు నిలకడగా కనబడతాయి, దిగువ పక్క ఒక్కసారిగా దూకుతాయి. ఆ దూకుడుకు దిగువ అంచు కింద మట్టి కోసుకుపోతుంది. పైన బురదనీళ్ళు పారుతుంటే, కింద రోడ్డు ఉందో లేదో ఒడ్డున నిలబడ్డవాడికి కనబడే వీలే లేదు. పారే నీళ్ళు అర అడుగు ఉంటే పెద్దమనిషి కాళ్ళు తేలిపోవచ్చు. అడుగుంటే చిన్న కారు, రెండడుగులకు దాదాపు ఏ కారైనా కొట్టుకుపోతుంది. బరువు బండి నిలబడుతుందన్న ధీమా ప్రాణం తీస్తుంది.

2021 ఆగస్టు చివర కామారెడ్డి నుంచి సిద్దిపేటకు బయల్దేరిన ఆర్టీసీ బస్సు గంభీరావుపేట, లింగన్నపేట మధ్య మానేరు మీది లోలెవల్ దగ్గర వరదలో చిక్కుకుంది. ఊరివాళ్ళు కదిలి ప్రయాణికులను ఒడ్డుకు చేర్చారు. ఆ తర్వాత బస్సు కొట్టుకుపోయింది. దానికి ఎగువన నర్మాల దగ్గర ఎగువ మానేరు జలాశయం ఉంది, దాన్ని నింపేవాటిలో మన కూడవెల్లి వాగు ఒకటి. గజ్వేల్ దిక్కు దంచికొట్టిన వాన దుబ్బాక మీదుగా పోయి, తర్వాత గంభీరావుపేటలో రోడ్డెక్కుతుంది. అక్కడ వాన ఆగి ఎండ కాస్తున్నా వాగు పెరగొచ్చు. అందుకే లోలెవల్ మునిగిందని రాసే విలేకరి ఎగువన ఏ చెరువు మత్తడి దుంకుతున్నదో కూడా రాయాలి. నీళ్ళు ఎప్పుడు తగ్గుతాయో పాఠకుడు కొంత అంచనా కట్టుకోగలిగేది దానితోనే.

హైదరాబాద్‌కూ ఈ అనుభవం ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎక్కువగా ఎత్తినప్పుడల్లా మూసారాంబాగ్, చాదర్‌ఘాట్ దగ్గర మూసీ మీది లోలెవల్ వంతెనల మీద రాకపోకలు ఆపుతూ వచ్చారు. అదే నది మీద 1578లో కుతుబ్‌షాహీలు కట్టిన పురానాపూల్ 1908 సెప్టెంబరు వరదను కూడా తట్టుకుని నిలిచింది. రెంటినీ ‘వంతెన’ అన్న ఒక్క మాటలో వేస్తే పాత మేస్త్రీల పనితనమూ తెలియదు, కొత్త ప్రమాదమూ తెలియదు.

‘కొట్టుకుపోయిన వంతెన’ అన్న శీర్షిక గురించి కూడా చెప్పాలి. చాలాసార్లు పోయేది వంతెన కాదు. వంతెనకు రెండు కొసలా పోసిన మట్టి కట్ట, అంటే అప్రోచ్ రోడ్డు, కోతకు గురవుతుంది. లేదా కొత్త వంతెన పని నడుస్తుండగా పక్కన పైపులు వేసి పోసిన డైవర్షన్ రోడ్డు తెగుతుంది. మట్టి కట్టను నాలుగు టిప్పర్ల మొరంతో సరిచేయొచ్చు, స్లాబు పోతే నెలలు పడుతుంది. బడికి పోయే పిల్లల తల్లిదండ్రులకు, పాలు పోసే రైతుకు ఈ కబురు కావాలి.

అందుకే ఫోను చేసిన విలేకరిని నేను అడిగే మొదటి మాట ఇది: “తమ్మీ, మునిగింది లోలెవలా, మోరీయా, హైలెవలా?” అటునుంచి “అన్నా, బ్రిడ్జే” అని వస్తే మళ్ళీ అడుగుతాను: “పిట్టగోడ ఉందా? దిగువకు నీళ్ళు దుంకుతున్నయా? రోడ్డు ఆర్ అండ్ బీదా, పంచాయతీరాజ్‌దా?” చివరి ప్రశ్న చిన్నదిగా కనబడుతుంది కానీ తాడు కట్టి మనిషిని కాపలా పెట్టాల్సింది ఎవరో దానితోనే తేలుతుంది. శాఖ పేరు అచ్చులో పడితే మరుసటి రోజు ఎవరో ఒకరు కదులుతారు.

ఇప్పుడు ఇంకో కట్టడం జాబితాలో చేరింది. 2023 అక్టోబరు 3న సిద్దిపేటకు రైలు వచ్చింది. మనోహరాబాద్ నుంచి గజ్వేల్ మీదుగా వేసిన ఆ పట్టాలు దాటాలంటే పైనుంచి పోయే ఆర్‌ఓబీ అయినా ఉండాలి, కింద నుంచి పోయే ఆర్‌యూబీ అయినా ఉండాలి. రైలు పట్టాల కింది దారికి వాగు అక్కర్లేదు. చుట్టుపక్కల వాననీళ్ళు పల్లానికి దిగితే చాలు, నిండుతుంది. లోలెవల్‌లో నీళ్ళు పారతాయి, ఆర్‌యూబీలో నిలుస్తాయి, లోతు బయటికి తెలియదు. దీన్ని కూడా వంతెన ఖాతాలో వేయకండి.

మర్కూక్, జగదేవ్‌పూర్, గజ్వేల్, వర్గల్ మండలాల విలేకరులకు ఈ వారం ఒక పని అప్పజెబుతున్నాను. మిరుగం లోపల మీ మండలంలోని ప్రతి మోరీ, కల్వర్టు, లోలెవల్, ఆర్‌యూబీ దగ్గరికి వెళ్ళి నిలబడి చూడండి. ఊరివాళ్ళు దాన్నేమంటారో అదే రాయండి, పక్కన ఇంజినీరు రాసే పేరు పెట్టండి. ఏ చెరువు నీళ్ళు వస్తాయి, ఏ శాఖది, మునిగితే చుట్టుదారి ఏది అన్నవి చేర్చండి. తూముల్లో చెత్త ఉంటే ఫొటో తీయండి. మండలానికో జాబితాగా మొదటి వానకు ముందే పేజీలో వేద్దాం, తూములు తీయించడానికి అప్పటికింకా సమయం ఉంటుంది.