దిగంతానికి కొలత: సముద్ర పవనక్షేత్రాలూ దృశ్య ప్రభావ అంచనా

2015 సెప్టెంబరులో బ్రిటిష్ ప్రభుత్వం నావిటస్ బే పవన విద్యుత్ పథకానికి అనుమతి నిరాకరించింది. ఇంగ్లండ్ దక్షిణ తీరాన, డార్సెట్‌కూ వైట్ ద్వీపానికీ ఎదురుగా, గరిష్ఠంగా 194 టర్బైన్లతో 970 మెగావాట్లకు తలపెట్టిన పథకమది. నిరాకరణకు ప్రధాన కారణం దృశ్య ప్రభావం. 2001 నుంచి ప్రపంచ వారసత్వ స్థలంగా ఉన్న జురాసిక్ కోస్ట్ ఆ తీరంలోనిదే. ప్రభావాన్ని అంచనా వేసే పద్ధతిలోని లోపం ఈ ఉదంతంలో బయటపడుతుంది.

బ్రిటన్‌లో ఈ అంచనా రెండు అంశాలపై నడుస్తుంది: చూసే చోటు ఎంత సున్నితమైనది, రాబోయే మార్పు ఎంత పెద్దది. రెండవదాన్ని కొంతవరకు గణించవచ్చు. డర్ల్‌స్టన్ హెడ్ నుంచి సమీప టర్బైన్ సుమారు 14 కి.మీ. దూరం, గరిష్ఠ ఎత్తు 200 మీటర్లు. అంటే కంటికి అది పున్నమి చంద్రుడి వ్యాసానికి ఒకటిన్నర రెట్ల ఎత్తున కనిపిస్తుంది. ఫోటోమాంటేజ్ ఈ పరిమాణాన్ని చూపగలదు కానీ, తిరిగే రెక్కలనూ గంటగంటకూ మారే వెలుగునూ చూపలేదు. అమెరికాలోని ఆర్గోన్ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు బ్రిటన్ తీరాలలో చేసిన పరిశీలనలో రెక్కల కదలిక 39 కి.మీ. దాకా కనిపించింది.

మొదటి అంశమైన సున్నితత్వం విలువకు సంబంధించిన తీర్పు. పట్టికలో పెట్టగానే అది లెక్కలా కనిపిస్తుంది. నిర్మాణ సంస్థ టర్బైన్లను 105కు, సామర్థ్యాన్ని 630 మెగావాట్లకు తగ్గించి చూపినా ఫలితం లేకపోయింది. అదే దక్షిణ తీరంలో, ససెక్స్‌కు సుమారు 13 కి.మీ. దూరాన, ర్యాంపియన్ క్షేత్రానికి 2014లో అనుమతి లభించింది. 116 టర్బైన్లతో నిర్మాణమూ పూర్తయింది. దూరాలు దాదాపు సమానమే. కనుక తేడాను దూరంలో వెతకడం వృథా. ఏ తీరం నుంచి చూస్తున్నామన్నదే తేల్చింది.

అయితే ఆ ప్రశ్న చివర అడగవలసినది కాదు. కొత్త సామర్థ్యంలో అధికభాగం తీరానికి 12 నాటికల్ మైళ్ల అవతల ఉండాలని 2009 నాటి ప్రభుత్వ వ్యూహాత్మక పర్యావరణ అంచనా సూచించింది. అయినా 2010లో కేటాయించిన ఈ రెండు మండలాలలోనూ ఆ గీతకు లోపలి జలాలున్నాయి. మండలం నిర్ణయమైపోయాక డిజైనర్ చేతిలో మిగిలేవి చిన్న ఉపాయాలు: వరుసలు సర్దడం, క్షేత్రం విస్తృతిని కుదించడం, విమానం సమీపించినప్పుడే వెలిగే దీపాలు అమర్చడం. ఇవి అవసరమే, కానీ స్థలం ఎంపికలోని తప్పును దిద్దలేవు.

నావిటస్ బే దిగంతం మిగిలింది. 970 మెగావాట్ల స్వచ్ఛ విద్యుత్తు పోయింది. దృశ్య అంచనా మండలాల కేటాయింపుకు ముందే జరిగి ఉంటే, ఈ రెంటిలో ఒకదాన్ని వదులుకోవలసిన అగత్యం బహుశా తప్పేది.