గుట్టు విప్పే కుక్కర్

రొమ్ము కేన్సర్ రిపోర్టు రాగానే డాక్టరు వెతికేది ఈఆర్ (ఈస్ట్రోజెన్ రిసెప్టర్) పాజిటివా, నెగెటివా అన్న మాట కోసమే. టామాక్సిఫెన్ వంటి హార్మోన్ మందులు పనికొస్తాయా లేదా అన్నది దానిమీదే ఆధారపడుతుంది. ఆ ఘనతంతా ఈఆర్‌కు అతుక్కుని స్లైడు మీద రంగు తెప్పించే యాంటీబాడీ ఖాతాలో వేస్తాం. నన్నడిగితే అందులో సగం, అంతకుముందు స్లైడును ఉడికించిన టెక్నీషియన్‌ది. ఆ మనిషి పేరు ఏ రిపోర్టులోనూ కనిపించదు.

ఫార్మలిన్‌లో వేస్తే కణజాలం కుళ్ళదని జర్మనీలో ఫెర్డినాండ్ బ్లుమ్ 1893లో చెప్పాడు. పాథాలజీ అంతా దాన్నే నమ్ముకుంది. అది కుళ్ళకుండా కాపాడే మాట నిజమే కానీ, ప్రోటీన్ల మధ్య మిథిలీన్ వంతెనలు కట్టి యాంటీబాడీ అతుక్కోవాల్సిన చోటును మూసేస్తుంది. దాన్ని ట్రిప్సిన్ అనే ఎంజైముతో తెరిపించేవారు. కొన్నిటికి పనిచేసేది. కాస్త ఎక్కువసేపు ఉంచితే కణజాలమే కరిగిపోయేది.

ఫార్మలిన్ కట్టిన ఆ వంతెనలు గట్టి వేడికో గాఢమైన క్షారానికో విడిపోతాయని 1940లలోనే ఫ్రాంకెల్-కాన్రాట్ వంటి రసాయన శాస్త్రవేత్తలు రాసిపెట్టారు. పాథాలజిస్టులు పట్టించుకోని ఆ మాటను పట్టుకున్నవాడు షాన్-రాంగ్ షీ. మార్క్ కీ, కృషన్ కాల్రాలతో కలిసి 1991లో ఆయన స్లైడులను లోహ లవణాల ద్రావణంలో పెట్టి మైక్రోవేవ్ ఓవెన్‌లో మరిగించాడు. వేడి తగిలితే ప్రోటీను పాడవుతుందని అందరూ నమ్మే రోజుల్లో ఎంత తెగువ కావాలి! 52 యాంటీబాడీలతో చూస్తే 39 ముందుకన్నా బాగా పనిచేశాయి, తొమ్మిది అలాగే ఉన్నాయి, నాలుగు మాత్రం మసకబారాయి. ఆ నాలుగింటినీ దాచకుండా రాసినందుకు ఆయన మీద నాకు మరింత గౌరవం.

మరుసటి ఏడాది కట్టొరెట్టి బృందం చూపిన పనితనమూ తక్కువది కాదు. అంతవరకు గడ్డకట్టించిన కణజాలంలోనే దొరికే కేఐ-67ను (విభజన చెందే కణాల గుర్తు), ఎంఐబీ-1 యాంటీబాడీతో మామూలు పారఫిన్ బ్లాకుల్లో చూపించారు. అల్మారాల్లో ఏళ్ళ తరబడి పడి ఉన్న పాత బ్లాకులకు దాంతో మళ్ళీ నోరొచ్చింది. తర్వాత సీసం వంటి ఆ లోహ లవణాలు పోయి సిట్రేట్, ట్రిస్-ఈడీటీఏ ద్రావణాలు స్థిరపడ్డాయి.

మరిగించే విషయంలో నేను ప్రెషర్ కుక్కర్ పక్షం. మైక్రోవేవ్‌లో ఒక మూల మరుగుతుంటే ఇంకో మూల చల్లగా ఉంటుంది. మంచి టెక్నీషియన్ ముందు పీహెచ్ 6 సిట్రేట్‌ను కుక్కర్‌లో మరిగిస్తుంది, ఆపైనే స్టీలు ర్యాకులో స్లైడులు దింపుతుంది. పూర్తి ఒత్తిడి వచ్చాక రెండు మూడు నిమిషాలు, అంతే. తర్వాత కుళాయి నీటి కింద చల్లార్చి, స్లైడు ఆరిపోకముందే బఫర్‌లోకి మారుస్తుంది. కొవ్వెక్కువ ఉన్న రొమ్ము కణజాలం మరుగులో లేచి ముడుచుకుపోతుంది. అందుకే సెక్షన్ మూడు నాలుగు మైక్రాన్లకు మించనివ్వదు, చార్జ్‌డ్ స్లైడు తప్ప వాడదు, బాగా ఆరబెట్టనిదే నీటిలో పెట్టదు. మైక్రోస్కోపు కింద చూడండి: నీలం నేల మీద కేంద్రకాలు మాత్రమే శుభ్రంగా గోధుమ రంగులో ఉంటాయి, చుట్టుపక్కల మరక ఉండదు. పక్కనున్న మామూలు పాలనాళాల్లో కొన్ని కేంద్రకాలు కూడా రంగెక్కి, మరిగింపు సరిగ్గా జరిగిందని సాక్ష్యమిస్తాయి.

ఇక ఈ పని పేరుతో జరిగే కక్కుర్తి చూస్తే ఒళ్ళు మండుతుంది. బఫర్ లేని చవక ఫార్మలిన్ వాడతారు. గడ్డను కోయకుండా రాత్రంతా డబ్బాలో పడేస్తారు, లోపలికి ఫార్మలిన్ దిగదు. ఒకసారి మరిగించిన ద్రావణాన్నే మళ్ళీ మళ్ళీ మరిగిస్తారు. అన్ని యాంటీబాడీలకూ ఒకటే పీహెచ్! ఒక ల్యాబు నుంచి నా దగ్గరికి వచ్చిన నెగెటివ్ స్లైడులో మామూలు నాళాల్లో కూడా గోధుమ రంగు లేదు. అది నెగెటివ్ కాదు, ఉడకనిది. ఒక్క శాతం కేంద్రకాలు రంగెక్కినా ఈఆర్ పాజిటివే అనాల్సిన పరీక్షలో ఇంత అలసత్వమా? ఆ నెగెటివ్ నమ్మి మందు మానేసిన ఆడమనిషికి ఎవరు జవాబు చెబుతారు?

లక్షలు పోసి కొన్న ఆటోమేటిక్ యంత్రాలు ఈ లోటు తీరుస్తాయంటారు. ఫార్మలిన్‌లో పాడైన ముక్కను ఏ యంత్రమూ బాగుచేయదు. కణజాలం ఆరు గంటలకు తగ్గకుండా, 72 గంటలు మించకుండా ఫార్మలిన్‌లో ఉండాలని అమెరికా మార్గదర్శకాలు ఎప్పుడో చెప్పాయి. మన రిపోర్టుల్లో ఆ గంటలు రాయండి. ఏ ద్రావణంలో ఎంతసేపు మరిగించారో, కంట్రోల్ స్లైడు రంగెక్కిందో లేదో రాయండి. కింద పాథాలజిస్టు సంతకం పక్కనే, ఉడికించిన టెక్నీషియన్ పేరు కూడా వేయండి.