ఆర్ద్ర వెలుగు ఎంత?

సంక్రాంతి వెళ్లిన రోజుల్లో రాత్రి తొమ్మిది దాటాక డాబా ఎక్కితే, ఆర్ద్ర నక్షత్రం బాగా పైకొచ్చి ఎర్రగా కనిపిస్తుంది. దాని వెలుగును ఉత్త కంటితోనే కొలిచి రాసిపెట్టేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్ల సరంజామా అంతా ఒక నోటుపుస్తకం, ఒక గడియారం, పోల్చడానికి రెండు చుక్కలు.

చుక్కల వెలుగు మెట్టును మాగ్నిట్యూడ్ అంటారు. పోల్చే రెండు చుక్కల్లో ప్రోసియాన్ మాగ్నిట్యూడ్ 0.4, రోహిణిది 0.9. అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. ఆర్ద్ర మామూలుగా ఈ రెంటి మధ్యే ఉంటుంది. దేనికి ఎంత దగ్గరో చూసి అంకె వేయాలి. అయిదు మెట్లు దిగితే వెలుగు నూరోవంతు అవుతుందన్న లెక్క 1856లో నార్మన్ పాగ్సన్ ప్రతిపాదించింది. ఆయనే తర్వాత మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి, 1868 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని మచిలీపట్నంలో పరిశీలించాడు.

చిక్కంతా కంటితోనే. ఎర్ర చుక్కను అదేపనిగా చూస్తే అంతకంతకూ వెలుగుతున్నట్టు అనిపిస్తుంది. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు ఓ చూపు ఇటు, ఓ చూపు అటు వేసి ఊరుకుంటారు. కిందికి వాలిన చుక్క వెలుగును గాలిపొరలు మింగేస్తాయి కనుక, దాదాపు ఒకే ఎత్తులో ఉన్నవాటినే పోలుస్తారు. కిందటిసారి వేసిన అంకెను ముందుగా తిరగేయరు. తిరగేస్తే కన్ను అటే మొగ్గుతుంది.

ఈ నిగ్రహం ఈ కాలమిస్టుకు మహా ఇష్టం.

2019 చివర్లో ఆర్ద్ర మసకబారసాగింది. 2020 ఫిబ్రవరికి 1.6కు దిగి, తానొక భుజంగా ఉన్న ఒరాయన్ నక్షత్రమండలంలో రెండో భుజమైన బెల్లాట్రిక్స్‌తో సమానమైంది. పేలిపోతుందా అన్న ఊహాగానాలు మొదలయ్యాయి. చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్ చిత్రాల్లో మాత్రం దక్షిణ భాగమే నల్లబడి కనిపించింది. ఉపరితలంలో ఒకచోట వేడి తగ్గిందనీ, అంతకుముందు ఎగజిమ్మిన వాయువు ధూళిగా గడ్డకట్టి మన చూపుకు అడ్డొచ్చిందనీ 2021లో శాస్త్రవేత్తలు తేల్చారు. సూర్యుడి స్థానంలో పెడితే కుజుడి కక్ష్యను దాటేంత ఉబ్బిన నక్షత్రమది. పైపొరల మీద పట్టు తక్కువ. సుమారు 400 రోజులకోసారి ఉబ్బి కుంచించుకుంటూ, వాయువును వదులుకుంటూ ఉంటుంది. పేలడం ఖాయమే, కానీ అందుకు లక్ష ఏళ్లయినా పట్టవచ్చు.

జూన్‌లో, ఆరుద్ర కార్తె వచ్చేసరికి, సూర్యుడు ఈ నక్షత్రం పక్కకు చేరతాడు. ఆ వెలుగులో అది కనబడదు కనుక, నోటుపుస్తకాల్లో ఏటా జూన్ చుట్టుపక్కల నెలలు ఖాళీ. 2020లో మాత్రం నాసా స్టీరియో వ్యోమనౌక మరో కోణం నుంచి చూసి ఆ ఖాళీని పూరించింది. ఆర్ద్ర మళ్లీ మసకబారుతోందని చెప్పింది. నేల మీదివాళ్లకు ఆగస్టు తెల్లవారుజాముల దాకా ఆగక తప్పలేదు.