రోమన్ నాణెం మీద చిలుము కూడా చరిత్రే

పాత రోమన్ నాణేన్ని చేతికి తీసుకున్నవారు ముందుగా వెతికేది చక్రవర్తి ముఖాన్ని. అది సహజమే. కానీ ఆ ముఖం ఎంత స్పష్టంగా ఉందన్నదొక్కటే కొలమానమైతే నాణెంలో దాగిన చరిత్ర చాలావరకు చేజారిపోతుంది. ప్రతి రోమన్ నాణెం మీదా మూడు రకాల పని కనిపిస్తుంది. అచ్చు చెక్కిన పనివాడిది మొదటిది, అది బొమ్మ. నాణేన్ని చేతులు మార్చిన జనానిది రెండోది, అది అరుగుదల, గాట్లు, చిల్లులు. వందల ఏళ్లు తనలో దాచుకున్న నేలది మూడోది, అది చిలుము, సేకర్తలు పాటినా అనే రంగుల పొర. ఈ మూడింటినీ కలిపి చదవగలగడమే నాణేల సేకరణలో అసలు విద్య. వాటిలో ఏ ఒక్కదాన్ని చెరిపేసినా నాణెం అందం పెరగదు, అది చెప్పగలిగిన సాక్ష్యమే తగ్గిపోతుంది.

మొదట అచ్చు సంగతి. రోమన్ టంకశాలల్లో పనంతా మనిషి చేతి మీదే నడిచేది. నాణెం మీద ఉబ్బెత్తుగా రావలసిన బొమ్మను అచ్చులో గుంటగా, కుడి ఎడమలు తారుమారుగా చెక్కాలి. బొమ్మవైపు అచ్చును దాగలిలో బిగించి, దాని మీద లోహపు బిళ్ళను ఉంచి, బొరుసువైపు అచ్చును పైన ఆనించి సుత్తితో కొట్టేవారు. దెబ్బ పక్కకు పడితే బొమ్మ అంచుకు జరిగిపోతుంది. రెండుసార్లు పడితే అక్షరాలు జంటగా కనిపిస్తాయి. అచ్చు అరిగినా పగిలినా మరొకటి చెక్కాల్సిందే. అందుకే ఒకే ఏడాదిలో ఒకే చక్రవర్తి పేరిట వెలువడిన రెండు నాణేల్లో సైతం ముక్కు వంపు, జుట్టు పాయలు వేరుగా ఉంటాయి. ఒకే అచ్చు నుంచి వచ్చిన నాణేలను గుర్తుపట్టి, ఆ అచ్చు ఎప్పుడు ఎంత అరిగిందో పోల్చి చూసి, టంకశాల ఏ వరుసలో పనిచేసిందో పండితులు తేల్చగలుగుతున్నారు. సాధారణ కొనుగోలుదారు లోపమనుకునేది ఇక్కడ ఆధారమవుతోంది.

ఆ చిన్న బిళ్ళ మీద చెక్కినవాళ్లు చూపిన పొదుపు అసామాన్యం. డినారియస్ అనే వెండి నాణెం అడ్డకొలత సాధారణంగా రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. సీజర్ హంతకుల్లో ఒకడైన బ్రూటస్ క్రీ.పూ. 42లో వేయించిన డినారియస్ బొరుసు మీద రెండు బాకులు, వాటి నడుమ బానిసత్వం నుంచి విడుదలైనవారు ధరించే టోపీ, కింద సీజర్ హత్య జరిగిన తేదీ ఉంటాయి. హత్య, దానికి చెప్పుకున్న కారణం, జరిగిన రోజు మొత్తం మూడు గుర్తుల్లో ఇమిడిపోయాయి. చరిత్రకారుడు కాసియస్ డియో కూడా ఈ నాణెం గురించి ప్రత్యేకంగా రాశాడు. క్రీ.శ. 71లో చక్రవర్తి వెస్పాసియన్ వేయించిన నాణేలు యూదయ ఓటమిని ఖర్జూరపు చెట్టు కింద కూర్చుని దుఃఖిస్తున్న స్త్రీ రూపంలో చూపాయి. గెలిచినవాడి ప్రచారమే అయినా, ఓడినవారి బాధను అంత సూటిగా చెక్కిన చేయి మామూలుది కాదు. అదే వెస్పాసియన్ తన బట్టతలనూ ముడతలనూ దాచుకోలేదు. నీరో నాణేలను వరుసగా పేరిస్తే లేత కుర్రవాడి ముఖం ఏటికేడు బరువెక్కి మెడ లావెక్కడం చూడవచ్చు. మూడో శతాబ్దం చివర బ్రిటన్‌లో తిరుగుబాటు చేసి చక్రవర్తినని ప్రకటించుకున్న కరౌసియస్ తన నాణేల అడుగున వర్జిల్ కావ్యంలోని పదాల మొదటి అక్షరాలను వేయించాడు. చదువుకున్నవారికి ఆ సంకేతం అందుతుందని అతని నమ్మకం.

బొమ్మ చెప్పే గొప్పలను లోహం పరీక్షకు పెడుతుంది. క్రీ.శ. 64లో నీరో డినారియస్ బరువును, వెండి పాళ్లను తగ్గించాడు. 215లో కారకల్లా కిరణాల కిరీటం బొమ్మతో ఒక కొత్త నాణెం తెచ్చాడు. దాని చెలామణి విలువ రెండు డినారియస్‌లని పండితుల అంచనా. అందులో ఉన్న వెండి మాత్రం అంతకు చాలా తక్కువ. 270 ప్రాంతానికి అదే నాణెంలో వెండి నూటికి ఐదు పాళ్లు కూడా మిగల్లేదు. పైన పల్చని వెండి పూత, లోపలంతా రాగి. ఆ నాణేల మీద శాంతి, సమృద్ధి, సైన్యం విశ్వాసం అన్న నినాదాలు మాత్రం ఆగలేదు. అరిగిన అంచుల్లో రాగి బయటపడి, అక్షరాల సందుల్లో వెండి పూత నిలిచి ఉన్న నాణెం ఆ సామ్రాజ్య ఖజానా పరిస్థితిని ఏ శాసనం కన్నా నిజాయితీగా చెబుతుంది. ఆ పూతను గీకేసినవాడు ఆ వాంగ్మూలాన్ని చించేసినట్టే.

ఇక నేల చేసిన పని. రాగి, ఇత్తడి, కంచు నాణేలు మట్టిలో ఉన్నప్పుడు లోహం గాలితో, తేమతో, మట్టిలోని లవణాలతో కలిసి నెమ్మదిగా ఖనిజాలుగా మారుతుంది. లోహాన్ని ఆనుకుని ఎర్రటి క్యూప్రైట్ పొర ఏర్పడితే, దాని మీద ఆకుపచ్చ మాలకైట్, అరుదుగా నీలి అజురైట్ పేరుకుంటాయి. టైబర్ నది అడుగున గాలి ఆడని బురదలో ఉన్న నాణేలు పచ్చబడకుండా ఇత్తడి వన్నెతోనే బయటికి వస్తాయి. పశ్చిమాసియా ఎండు నేలల్లో దొరికినవాటి సందుల్లో ఇసుకరంగు పొర నిలిచి బొమ్మను ఎత్తి చూపుతుంది. బంగారానికి చిలుము పట్టదంటారు గానీ, వెసూవియస్ అగ్నిపర్వతపు బూడిద కింద ఉండి 1895లో బోస్కోరియాలేలో బయటపడిన బంగారు నాణేల మీద ఎర్రటి ఛాయ ప్రసిద్ధం. రంగు ఇలా నాణెం గడిపిన చోటును సూచిస్తుంది.

దీనికొక గట్టి అభ్యంతరం ఉంది. రోమన్లు చూసింది మెరిసే పసుపు ఇత్తడిని. మనం మెచ్చుకుంటున్నది తుప్పును. కళాకారుడి ఉద్దేశం తెలియాలంటే దాన్ని తీసేయవద్దా? మన ఇళ్లలో రాగి చెంబును చింతపండుతో తోమితే మెరుస్తుంది కాబట్టి ఈ వాదన సబబుగానే తోస్తుంది. కానీ చెంబు మీద ఉన్నది పైపై మసక, లోపలి రూపం చెక్కుచెదరదు. పురాతన నాణెంలో అలా కాదు. పై లోహమే ఖనిజంగా మారింది, కనురెప్ప గీతలాంటి సన్నటి పనితనం ఇప్పుడు ఆ ఖనిజంలోనే ఉంది. ఆమ్లంతో దాన్ని కరిగిస్తే కింద మిగిలేది గుంటలు పడ్డ, ముఖం పోయిన బిళ్ళ. అంటే చిలుమును కాపాడటమే కళాకారుడి గీతను కాపాడటం. అలాగని పేరుకున్న ప్రతిదీ పవిత్రం కాదు. బొమ్మను కప్పేసిన మట్టిని స్వేదనజలంలో నానబెట్టి, సూక్ష్మదర్శిని కింద ఓపికగా తొలగించవచ్చు. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది క్లోరైడ్ల వల్ల వచ్చే తెగులు. తేమ తగిలితే అది లోహాన్ని తింటూనే పోతుంది. దానికి చికిత్స చేసి, నాణేన్ని పొడి వాతావరణంలో ఉంచడం తప్పనిసరి.

మనుషులు వేసిన గుర్తుల విలువ తెలియాలంటే మన నేల వైపే చూడాలి. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లెలో దొరికిన నిధిలో 1,531 రోమన్ వెండి నాణేలున్నాయి. ప్రధానంగా అగస్టస్, టైబీరియస్‌ల కాలానివి, చాలావాటి మీద ఉలి గాట్లున్నాయి. తమిళనాట పుదుక్కోట్టై ప్రాంతంలో 1898లో దొరికిన 501 బంగారు నాణేల్లోనూ ఎక్కువవాటిపై చక్రవర్తి తలకు అడ్డంగా గాటు పడింది. లోహాన్ని పరీక్షించడానికా, నాణెంగా చెల్లదని చెప్పడానికా అన్న చర్చ ఇంకా ముగియలేదు. దక్షిణ భారతంలో దొరికిన కొన్ని బంగారు నాణేలకు తల పైభాగాన రెండు చిల్లులున్నాయి. మెడలో వేలాడదీసినప్పుడు ముఖం నిటారుగా నిలవాలన్న శ్రద్ధ అందులో ఉంది. రోమ్‌లో జీతంగానో సుంకంగానో మొదలైన నాణెం ఇక్కడ నగ అయింది. ధర పట్టీలో గాటునూ చిల్లునూ నష్టంగా లెక్కిస్తారు. కానీ హిందూ మహాసముద్ర వర్తకం గురించి మచ్చలేని నాణెం చెప్పలేనిదాన్ని ఇవి చెబుతున్నాయి.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మరొకటి: సేకర్తల మోజే తవ్వకాల దొంగలను పోషిస్తుంది కదా, ఇవన్నీ మ్యూజియంలకే వదిలేయరాదా? ఈ మాటలో నిజం ఉంది. బ్రూటస్ బాకుల నాణెం బంగారు ప్రతి ఒకటి 2020లో లండన్ వేలంలో సుమారు 42 లక్షల డాలర్లకు అమ్ముడైంది. దాని పూర్వ యాజమాన్య చరిత్ర కల్పితమని తేలాక 2023లో గ్రీస్‌కు తిరిగి చేరింది. అయితే 2010లో ఇంగ్లండ్‌లోని ఫ్రోమ్ దగ్గర లోహశోధక యంత్రంతో వెతుకుతున్న ఒక అభిరుచిపరుడు కుండ తగలగానే తవ్వడం ఆపి అధికారులకు కబురు చేశాడు. పురావస్తు నిపుణులు 52,503 నాణేలను పొరలు పొరలుగా తీశారు. తాజావైన కరౌసియస్ నాణేలు పైన కాక లోతు పొరలో ఎక్కువగా కనిపించాయి. ఏళ్ల తరబడి దాచినది కాక, కుండను ఒకేసారి నింపారని దాన్నిబట్టి అర్థమైంది. ఆత్రంతో గుమ్మరించి ఉంటే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. కాబట్టి తప్పు అభిరుచిలో లేదు, మూలం అడగకుండా కొనడంలో ఉంది. మన దేశంలోనూ 1878 నాటి నిధుల చట్టం దొరికిన నిధి గురించి కలెక్టరుకు తెలపాలంటోంది. 1972 పురావస్తువుల చట్టం అనుమతి లేని ఎగుమతిని నిషేధిస్తోంది. వీటిని పాటించనివాడు సేకర్త అనిపించుకోడు.

నాణెం దొరికిన చోటు, దాని చిలుము, గాటు, బొమ్మ అన్నీ ఒకే వాక్యంలోని మాటలు. కొత్తగా ఈ అభిరుచిలోకి వచ్చేవారు బంగారం కోసం తపించనక్కర్లేదు. నాలుగో శతాబ్దపు చిన్న రాగి నాణెం పెద్ద ఖర్చు లేకుండానే దొరుకుతుంది. దాని చరిత్ర కాగితం అడిగి తీసుకుని, బరువు, కొలత, రంగు, మచ్చ రాసి పెట్టుకుని, గీకకుండా తర్వాతి తరానికి అందించినవారు చరిత్రకారుడి పనిలో సగం చేసినవారవుతారు. పదహారో శతాబ్దంలో పాడువాకు చెందిన కవీనో చేసిన చక్కని అనుకరణలను అసలువాటి నుంచి విడదీయగలిగినదీ, ఇవాళ పూసి అమ్మే నకిలీ ఇసుకపొరను పట్టివ్వగలిగినదీ ఇలా ఓపికగా చూడటం అలవాటైన కన్నే. ఆ కన్ను సంపాదించుకోవడమే సేకరణ ఇచ్చే నిజమైన లాభం.