పట్టంతా బెజ్జంలోనే

గోడకు గీజరు బిగించి వెళ్ళిపోయిన మనిషి పేరు మనం అడగం. పదిహేను లీటర్ల గీజరు నిండితే నీళ్ళ బరువే 15 కిలోలు, గీజరు సొంత బరువు దానికి అదనం. కింద పిల్లలు స్నానం చేస్తుంటే అంత బరువూ ఏళ్ళ తరబడి వాళ్ళ నెత్తిమీద వేలాడుతూ ఉంటుంది. దాన్ని మోసేవి రెండు స్క్రూలు. ఆ స్క్రూలను మోసేది గోడలో వేలెడు లోతు బెజ్జం. బెజ్జం సరిగ్గా పడితే మామూలు స్క్రూ అయినా కదలదు. బెజ్జం చెడితే ఎంత ఖరీదైన స్క్రూ అయినా చేతికి ఊడి వస్తుంది. ఈ పనిలో ఇంత పనితనం ఉందని ఎవరికి చెప్పినా "గోడకి స్క్రూ బిగించడానికి కూడా విద్య కావాలా?" అంటారు. కావాలి. ఆ విద్య కళ్ళముందే చచ్చిపోతోందన్న బాధతోనే ఇది రాస్తున్నాను.

హైదరాబాదులో మా కాలనీలో ఒక మేస్త్రీ ఉన్నాడు. ఆయన డ్రిల్లింగ్ మిషన్ చేతపట్టాడంటే నేను నా పని పక్కనపెట్టి వెళ్ళి నిలబడతాను. ముందు గోడను వేలి కణుపుతో తట్టి చూస్తాడు. ఎక్కడ పూత ఇటుకను వదిలేసి డొల్లగా ఉందో ఆ చప్పుడే చెప్పేస్తుంది. తర్వాత పెన్సిలుతో ప్లస్ గుర్తు పెడతాడు. ఆ గీతలు పొడుగ్గా ఉంటాయి. బిట్ దిగి గుర్తు మధ్యభాగం రాలిపోయినా మిగిలిన నాలుగు కొసలను బట్టి బెజ్జం పక్కకు జరిగిందో లేదో తెలుసుకోవడానికి అది. బిట్‌కు ఎంత లోతు కావాలో అక్కడ నల్ల ఇన్సులేషన్ టేపు చుడతాడు. గుర్తు కింద ఒక కాగితాన్ని దొన్నెలా మడిచి అతికిస్తాడు. రాలిన పొడి అంతా అందులో పడుతుంది.

ఆ కాగితం శుభ్రత కోసమే అనుకునేవాడిని. అసలు కిటుకు రంగులో ఉంది. బిట్ దిగుతుంటే మొదట బూడిదరంగు పొడి వస్తుంది, అది పూత. కాసేపటికి ఎర్రపొడి, అది ఇటుక. మళ్ళీ బూడిదరంగుకు తిరిగిందంటే ఇటుకకూ ఇటుకకూ మధ్య ఉన్న సిమెంటు అతుకులోకి బిట్ జారిందన్నమాట. మన గోడల్లో ఆ అతుకు ఒకచోట గట్టిగా, ఒకచోట ఇసుకలా ఉంటుంది. దాన్ని నమ్మి బరువు వేలాడదీయకూడదు. "ఎర్రగ రావాలె, ఎర్రగ రాకుంటే ఆపి నన్ను పిలువు" అని దగ్గరున్న కుర్రాడికి చెబుతాడు. "అట్లనే అన్నా" అంటాడు వాడు, కళ్ళు కాగితం మీంచి తిప్పకుండా. ఇంతకు మించిన పాఠశాల నేను చూడలేదు.

ఇంకో సంగతి. లోపలి గోడకు పూత మందం మామూలుగా 12 మిల్లీమీటర్లు, బయటి గోడకు 20 దాకా ఉంటుంది. పూతకు బరువు మోసే శక్తి లేదు. స్క్రూకు పట్టు కోసం బెజ్జంలో దూర్చే 40 మిల్లీమీటర్ల ప్లగ్గును మూతి పైకి కనబడేలా పెట్టి వదిలేస్తే, అందులో మూడోవంతు దాకా పూతలోనే ఉండిపోతుంది. మా మేస్త్రీ ఏం చేస్తాడంటే, ప్లగ్గును పూత దాటించి ఇటుక లోపలికి దింపుతాడు. బెజ్జం కూడా ప్లగ్గు కన్నా ఓ 10 మిల్లీమీటర్లు ఎక్కువ లోతు వేస్తాడు, మిగిలిన పొడి అడుగున సర్దుకోవడానికి. స్క్రూ పొడవుకూ ఒక లెక్క ఉంది: ప్లగ్గు పొడవు, బిగించే వస్తువు మందం, స్క్రూ మందం, ఈ మూడూ కలిపినంత. స్క్రూ కొస ప్లగ్గును దాటి కాస్త బయటికి వస్తేనే ప్లగ్గు పూర్తిగా విచ్చుకుంటుంది. ప్లగ్గు పూత దాటి లోపలికి వెళ్ళినప్పుడు ఆ మేర స్క్రూ పొడవూ పెంచాలి. ఈ లెక్క ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు. స్క్రూను అరచేతిలో పెట్టి, పక్కన ప్లగ్గు పెట్టి, గోడకు తగిలించాల్సిన పట్టీని ఆనించి చూస్తాడు, అంతే.

ఒకసారి కిటికీ పైన కర్టెన్ రాడ్ బిగిస్తున్నాడు. అక్కడుండేది ఇటుక కాదు, లింటెల్ కాంక్రీటు. మిషన్ ధ్వని సన్నబడి ఒక్కసారిగా కీచుమంది. లోపల ఇనుప చువ్వ తగిలిందని నాకు తట్టేలోగానే ఆయన మిషన్ ఆపేశాడు. ఇంకొకడైతే ఒళ్ళంతా బరువేసి చువ్వను కోసేవాడు, లేదా బిట్ విరగ్గొట్టుకునేవాడు. ఆయన రెండంగుళాలు పక్కకు జరిగి కొత్త గుర్తు పెట్టుకుని, పాత బెజ్జాన్ని సిమెంటుతో పూడ్చాడు. టైల్స్ పని కూడా అంతే. మెరుగు పొర దాటేదాకా హ్యామర్ ఆన్ చేయడు, ఉత్త తిప్పుడుతోనే నెమ్మదిగా దింపుతాడు. ప్లగ్గును టైలు మందం దాటించి లోపల పెడతాడు. టైలులోనే ప్లగ్గు విచ్చుకుంటే టైలు పగలక ఏం చేస్తుంది! ఆయన చేతిలో టైలు పగలడం నేను చూడలేదు.

మన గోడలన్నీ ఒకే జాతివి కావు. గోదావరి మట్టితో చేతి అచ్చుపోసి కాల్చిన ఇటుకకు 8 మిల్లీమీటర్ల నైలాన్ ప్లగ్గు, 5 మిల్లీమీటర్ల స్క్రూ చక్కగా పడతాయి. ఇప్పటి అపార్ట్‌మెంట్లలో ఏఏసీ బ్లాకులు వచ్చాయి. అవి తేలిక, మెత్తన. అక్కడ హ్యామర్ వాడితే బెజ్జం గరాటాలా విచ్చుకుపోతుంది. వాటికంటూ ప్రత్యేకంగా చేసిన ప్లగ్గులే వాడాలి. లోపల డొల్లగా ఉండే ఇటుకల్లోనూ హ్యామర్ నిషిద్ధం, అడ్డగోడలన్నీ విరిగిపోతాయి. డంగు సున్నంతో కట్టిన పాత ఇళ్ళలో అతుకుల జోలికి పోకుండా రాయినో ఇటుకనో వెతుక్కోవాలి. కడప బండ అరలకు అంచు దగ్గర బెజ్జం వేస్తే పెళ్ళలు లేచిపోతాయి. ఇక స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా బెజ్జం వేయకూడదు. వైర్ల పైపు అక్కడే వెళుతుంది. ఇది మాత్రం చదువుకున్నవాళ్ళే ఎక్కువ మరిచిపోతారు.

ఇక కాంక్రీటు. నా మనసు దోచుకున్నది కాంక్రీటు స్క్రూ. దీనికి ప్లగ్గు అక్కర్లేదు. 6 మిల్లీమీటర్ల బిట్‌తో బెజ్జం వేసి 7.5 మిల్లీమీటర్ల స్క్రూను నేరుగా తిప్పుతారు. పళ్ళు ఒక్కో పక్క ముప్పావు మిల్లీమీటరు మేర కాంక్రీటును కోసుకుంటూ తమ దారి తామే చేసుకుంటాయి. ప్లగ్గు, యాంకర్ బోల్టు లాంటివి లోపల విచ్చుకుని గోడను పక్కలకు నెడతాయి. ఈ స్క్రూ కాంక్రీటులో గాడి తొలిచి అందులో ఇరుక్కుంటుంది. పక్కలకు నెట్టేది తక్కువ కాబట్టి, మెట్ల అంచు లాంటి చోట్ల కూడా తగినంత దూరం వదిలి ధైర్యంగా వాడొచ్చు. ప్లగ్గుల పక్షంవాళ్ళు నన్ను తిట్టుకున్నా సరే, స్లాబుకూ బీముకూ పిల్లరుకూ ఇంతకు మించింది లేదన్నది నా మాట. ఇటుకకు మాత్రం నైలాన్ ప్లగ్గే. మన ఇటుకలు ఒకటి రాయిలా, ఒకటి బిస్కెట్‌లా కాలతాయి. పళ్ళు కోసుకోవడానికి అన్నిచోట్లా ఒకే గట్టిదనం దొరకదు.

కానీ కాంక్రీటు స్క్రూ తప్పును మన్నించదు. బిట్ అరిగి ఉంటే బెజ్జం బిగుతై స్క్రూ మధ్యలోనే మెడ విరుగుతుంది. బిట్ ఊగితే బెజ్జం వెడల్పై పళ్ళకు పట్టు దొరకదు. లోపల పొడి మిగిలితే స్క్రూ అడుగుకు ఆని మొండికేస్తుంది. అందుకే పొడిని బయటికి తీయాలి. మా మేస్త్రీ సన్న బ్రష్ పెట్టి తిప్పి, తర్వాత గాలి పంపు కొడతాడు. నోటితో ఊదితే కళ్ళలో పడుతుంది, పైగా ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. మూతికి గుడ్డ కట్టుకోమని కుర్రాడిని కసురుతాడు. స్క్రూ దిగుతూ బిగుసుకుంటే బలం వేయడు. ఒక చుట్టు వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు తిప్పుతాడు. పళ్ళ మధ్య ఇరుక్కున్న నుసి వదులవుతుంది. చివరి రెండు చుట్లు ఎప్పుడూ చేత్తోనే. తల ఆనిన తర్వాత ఇంకో చుట్టు తిప్పారంటే లోపల కోసుకున్న గాడి పొడైపోతుంది, స్క్రూ ఊరికే తిరుగుతుంది. అలా తిరిగిందంటే ఆ బెజ్జం పని అయిపోయినట్టే. తీసిన స్క్రూను మళ్ళీ అదే బెజ్జంలో పెట్టడం కూడా ఆయన ఒప్పుకోడు, మొదటిసారి కోసిన పళ్ళు అరిగి ఉంటాయని.

కొత్త స్లాబుకు కనీసం 28 రోజులు గడవందే స్క్రూ పెట్టకూడదు. లోపలి చువ్వల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మన ప్రమాణాల ప్రకారం పిల్లర్లలో చువ్వ మీద కాంక్రీటు కవరు 40 మిల్లీమీటర్లు, స్లాబులో 20 దాకా ఉంటుంది. పెద్ద ఆఫీసు భవనాల స్లాబుల్లో బిగువుగా లాగి కట్టిన తీగలుంటాయి. అక్కడ నక్షా చూడకుండా బెజ్జం వేయడం ప్రాణంతో చెలగాటం.

చరిత్ర గురించి రెండు ముక్కలు. ఇంగ్లండులో జాన్ రాలింగ్స్ అనే ఆయన బ్రిటిష్ మ్యూజియం గోడలు చెడకుండా సామాన్లు బిగించడానికి, జనపనార పోగులతో మొదటి ప్లగ్గు చేశాడట. మనం ఇప్పటికీ "రాల్ ప్లగ్గు" అంటున్నది ఆయన పేరుతోనే. జర్మనీలో ఆర్టుర్ ఫిషర్ 1958లో నైలాన్ ప్లగ్గు కనిపెట్టాడు. వెయ్యికి పైగా పేటెంట్లున్న మనిషి. ఆ బూడిదరంగు ప్లగ్గును చూస్తే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. అయితే మనవాళ్ళు తక్కువేం తినలేదు. కరెంటు వైరింగు చెక్క పట్టీల మీద చేసే రోజుల్లో గోడలో టేకు గట్టీలు పాతి సిమెంటుతో పూడ్చేవారు. ఆ గట్టీ బయటి కొస సన్నం, లోపలి కొస వెడల్పు. లాగిన కొద్దీ బిగుసుకుంటుందే గానీ ఊడదు. పాత ఇళ్ళలో ఇప్పటికీ ఆ గట్టీలు కదలకుండా ఉన్నాయి. అది చేసిన వడ్రంగులకు ఏ పేటెంటూ లేదు.

అంత పనితనం చూసిన ఊళ్ళో ఇప్పుడు నల్ల స్క్రూ రాజ్యమేలుతోంది. ఏ హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళినా కిలోల లెక్కన పోసి అమ్మే ఆ నల్ల స్క్రూ అసలు జిప్సం బోర్డు కోసం చేసింది. సన్నటి ఉక్కు, గట్టిదే గానీ పెళుసు. వంగదు, పుటుక్కున తల తెగుతుంది. మందం మామూలుగా 3.5 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్ల ప్లగ్గు విచ్చుకోవాలంటే కనీసం నాలుగున్నర కావాలి. అంటే ప్లగ్గు లోపల అది ఊరికే నిలబడి ఉంటుంది, గోడను పట్టుకోదు. ఫిట్టరు దానికేం చేస్తాడు? అగ్గిపుల్లలు దూరుస్తాడు, వైరు ముక్క దూరుస్తాడు, పైన వైట్ సిమెంటు పూసి "అయిపోయింది సార్" అంటాడు. బాత్రూములో ఆ స్క్రూ తుప్పు కన్నీరు కారుస్తుంది. విశాఖ సముద్రపు గాలికైతే చెప్పనే అక్కర్లేదు, అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు తప్ప ఏదీ పనికిరాదు.

ప్లగ్గుల సంగతి ఇంకా ఘోరం. చెత్త ప్లాస్టిక్ కరిగించి పోసిన ప్లగ్గులు గోళ్ళతో నొక్కితే చీలిపోతాయి. మంచి నైలాన్ ప్లగ్గుకూ దానికీ తేడా ఒకట్రెండు రూపాయలే. లక్షలు పోసి కొన్న ఫ్లాట్‌లో, వేలు పోసి కొన్న టీవీ కింద ఆ రూపాయిని మిగుల్చుకుంటున్నాం! ఇంతకన్నా దారుణం, కప్పుకు కూడా ప్లాస్టిక్ ప్లగ్గులే. కప్పు నుంచి వేలాడే బరువు పొద్దస్తమానం కిందికి లాగుతూనే ఉంటుంది, నాసి ప్లాస్టిక్ ఆ లాగుడుకు నెమ్మదిగా సాగుతుంది. సీలింగ్ ఫ్యానుకు స్లాబు పోసినప్పుడే హుక్కు పెట్టాలి. ఆ అవకాశం పోతే ఇనుప యాంకర్ ఫాస్టనర్ వేయాలి. ప్లాస్టిక్ ప్లగ్గుకు ఫ్యాను తగిలించేవాణ్ణి ఫిట్టరని నేను ఒప్పుకోను.

తప్పంతా కుర్రాళ్ళ మీదకు నెట్టడం అన్యాయం. బెజ్జానికి ఇంతని బేరమాడి, పది నిమిషాల్లో ముగించమని గడియారం చూపించి పంపిస్తే ఎవడు బ్రష్ పెట్టి పొడి తీస్తాడు? కాగితంలో రంగు చూసే తీరిక ఎవడికుంది? మా మేస్త్రీ దగ్గర పని నేర్చిన ఇద్దరు కుర్రాళ్ళు ఇప్పుడు బైకుల మీద పార్శిళ్ళు అందిస్తున్నారు. అందులో ఎక్కువ వస్తుందట. వాళ్ళ చేతుల్లోని విద్యకు మనం కట్టిన వెల అది.

కాబట్టి ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళకూ, కొత్త ఫ్లాట్‌లోకి మారుతున్నవాళ్ళకూ నా విన్నపం. సామాను ఫిట్టరు తెచ్చుకుంటాడని వదిలేయకండి. గీజరు, టీవీ, అల్మరా ఏదైనా సరే, గోడ ఇటుకదా, బ్లాకుదా, కాంక్రీటుదా అని ముందు మీరే తెలుసుకోండి. ఫిట్టరును వెంటబెట్టుకుని షాపుకు వెళ్ళండి. నైలాన్ ప్లగ్గులు అడగండి, వాటికి తగ్గ మందం స్క్రూలు అడగండి, కాంక్రీటుకు కాంక్రీటు స్క్రూ అడగండి. కొత్త బిట్ ఒకటి కొనివ్వండి, అరిగిన బిట్‌తో పని చేయించకండి. బెజ్జాల లెక్కన కాక పూట లెక్కన కూలి ఇవ్వండి. నల్ల స్క్రూల పొట్లం విప్పుతుంటే "ఇది వద్దు బాబూ" అని మెత్తగానే చెప్పండి, గట్టిగానే ఆపండి.