పాటల పత్రికకు పేజీలు కట్టేముందు

సినిమా పాటల మీదో ఆల్బమ్ పాటల మీదో ఒక పత్రిక తేవాలనుకున్న హైస్కూలు పిల్లలు సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతారు. కొందరు కంప్యూటర్లో దొరికిన ఇంగ్లీషు నమూనా తెచ్చి, అందులోని పెట్టెల్లో తెలుగు నింపుతారు. మరికొందరు పాత పద్ధతులేవీ వద్దనుకుని మొదటి పేజీ నుంచే తోచినట్టు సాగిపోతారు. రెండింట్లోనూ నష్టమే. పత్రికల్లో స్థిరపడిన ప్రతి పద్ధతీ ఎప్పుడో ఒకప్పుడు పాఠకుడి అవసరం తీర్చడానికి పుట్టిందే. ఆ అవసరమేమిటో తెలిసినవాళ్లే ఆ పద్ధతిని ఉంచాలో మార్చాలో సరిగ్గా తేల్చగలరు. నల్లమల అంచున, పల్నాడు జిల్లాలో ఉన్న బొల్లాపల్లి లాంటి మండల కేంద్రంలో ఈ విద్య నేర్వడానికి విదేశీ పత్రికల దాకా పోనక్కర్లేదు. చూసి నేర్చుకోదగ్గ సంప్రదాయం తెలుగులోనే ఉంది.

మొట్టమొదట చెప్పుకోవలసింది పాటల పుస్తకం. సినిమాహాళ్ల దగ్గర, తిరునాళ్లలో కొద్ది పైసలకే దొరికిన ఆ పల్చటి పుస్తకానికి కచ్చితమైన కట్టుబాటు ఉండేది. అట్టమీద సినిమా పేరు, తారల బొమ్మ. లోపల నటవర్గం, సాంకేతిక వర్గం. ఆ తర్వాత కథాసంగ్రహం. అది సరిగ్గా చిక్కుముడి దగ్గర ఆగి, మిగతాది వెండితెరపై చూడమనేది. ఆపైన పాటలు: పల్లవి ఎక్కడ, చరణం ఎక్కడ, ఏ ముక్క ఆమెది, ఏ ముక్క అతడిది అన్నీ విడివిడిగా గుర్తులు పెట్టి అచ్చువేసేవారు. చేతిలో పుస్తకం పట్టుకుని ఇద్దరు కలిసి పాడుకోవడానికి ఇంతకన్నా మంచి అమరిక నాకు తోచదు. కాగితం నాసిరకం, అచ్చుతప్పులు బోలెడు, అయినా పాఠకుడి చెయ్యీ గొంతూ ఎలా పనిచేస్తాయో ఎరిగిన రూపం అది. 1966లో విజయా సంస్థ నుంచి మొదలైన ‘విజయచిత్ర’, 1976లో వచ్చిన ‘సితార’ సినిమా పత్రికకు ఇంకొంత హంగు తెచ్చాయి.

రెండో పాఠం రేడియోది. పాట వేసే ముందు చిత్రం, రచన, సంగీతం, గానం వరుసగా చెప్పడం మన శ్రోతలకు దశాబ్దాలుగా అలవాటైన మర్యాద. విద్యార్థుల పత్రికలో ప్రతి పాట పేరు కిందా ఈ నాలుగు వివరాలూ ఉండి తీరాలని నేను గట్టిగా అంటాను. ఎందుకంటే ముఖచిత్రం మీద హీరో బొమ్మ వేసే ఆనవాయితీ పాట కట్టినవాళ్లను మరుగున పడేస్తుంది. 2023 మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చినప్పుడు వేదికెక్కి అందుకున్నది సంగీత దర్శకుడు కీరవాణి, రచయిత చంద్రబోస్. పాటల పత్రిక అట్టమీద ఉండవలసిన ముఖాలు కూడా అవే. సినిమా పత్రికకు సరిపోయే కట్టుబాటును పాటల పత్రిక యథాతథంగా తీసుకోకూడదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అట్ట సంగతే ఇంకొంచెం చూద్దాం. పత్రిక పేరు పై అంచున ఎందుకుంటుంది? బస్టాండు బంకులో పత్రికలను ఒకదాని మీద ఒకటి వరసలు పేర్చినప్పుడు కనిపించేది పై అంచే గనుక. తరగతిలో చేతికి అందించే పత్రికకు ఆ ఇబ్బంది లేదు కాబట్టి పేరు నడుమనో కిందనో పెట్టినా ముప్పు లేదు. కాని సంచిక సంఖ్య, నెల, సంవత్సరం వదిలేయకూడదు. పదేళ్ల తర్వాత చూసేవారికి అవే ఆధారం. ఇక ఇంగ్లీషు నమూనాల్లో శీర్షికలన్నీ పెద్దబడి అక్షరాల్లో ఉంటాయి. తెలుగులో పెద్దబడి, చిన్నబడి భేదం లేదు. ముఖ్యమైన మాటను పరిమాణంతో, లావుతో, రంగుతో తేల్చి చూపాలి. పైన గుడులు, కింద వత్తులు ఉన్న లిపి ఇది. ఇంగ్లీషుకు కొలిచిన వరుసల ఎడంలో ఇరికిస్తే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. శీర్షికకు రామభద్ర లాంటి లావు అక్షరం, వ్యాసానికి మండలి లాంటి తేలిక అక్షరం ఉచితంగానే దొరుకుతాయి. మన మాటలు పొడుగు గనుక అట్టమీద ఆరు శీర్షికల చోట మూడు వేస్తే చాలు.

పాట సాహిత్యం పూర్తిగా అచ్చువేయడం దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. 1978లో నిక్ లోగన్ బ్రిటన్‌లో ప్రారంభించిన ‘స్మాష్ హిట్స్’ కుర్రకారును ఆకట్టుకున్నది హిట్ పాటల సాహిత్యం అచ్చువేసే. ఆకర్షణ అక్కడా ఇక్కడా ఒకటే. అయితే మన 1957 నాటి కాపీరైట్ చట్టం రచయిత మరణించాక మరో అరవై ఏళ్లు హక్కు నిలుపుతుంది. శ్రీశ్రీ 1983లో పోయారు, అంటే ఆయన రచనలకు 2043 చివరిదాకా రక్షణ ఉంటుంది. సమీక్ష కోసం కొద్ది భాగం ఉదాహరించడానికి అదే చట్టం దారి ఇచ్చింది. అందువల్ల పాట మొత్తం దింపే బదులు రెండు పాదాలు తీసుకుని, ఆ మాట ఆ బాణీలో ఎందుకు ఒదిగిందో రాయాలి. పిల్లల రాత పదునెక్కేది ఇక్కడే.

కట్టుబాట్లు నేర్పితే పిల్లల సొంత ఊహ చచ్చిపోతుందని అనేవారున్నారు. ఇదే పల్నాడులో కారెంపూడి వీరుల ఉత్సవాల్లో వీరవిద్యావంతులనే గాయకులు పాడే పల్నాటి వీరుల కథను చూడండి. కథ తెలిసిందే, పాత్రలు తెలిసినవే, అయినా ఒక గాయకుడి బాలచంద్రుడు ఇంకొకరి బాలచంద్రుడు కాడు. చట్రం తెలిసిన శ్రోత ముందే గాయకుడి ప్రత్యేకత బయటపడుతుంది. ఫోన్లో పాటా, సాహిత్యమూ, బొమ్మా అన్నీ ఉండగా కాగితం పత్రిక దేనికన్నది ఇంతకన్నా బలమైన ఆక్షేపణ. వార్త చెప్పడంలో పత్రిక ఫోన్‌తో పోటీపడలేదు, ఒప్పుకోవాలి. కాని ఫోన్ పాట వినిపించి ఊరుకుంటుంది. ఈ మండలంలో ఏ పాట ఎందుకు నచ్చిందో, అనంతపురం జిల్లా తండా నుంచి వచ్చిన గాయని మంగ్లి పాట బొల్లాపల్లి వైపు తండాల పిల్లలకు ఎలా వినిపిస్తుందో ఆ పిల్లలే రాయాలి. నాలుగు ఏ4 కాగితాలు మధ్యకు మడిచి పిన్ను కొడితే పదహారు పేజీలు వస్తాయి. వాటిలో నడిమి రెండు, అంటే 8, 9 పేజీలు, ఎదురెదురుగా ఒకే కాగితం మీద పడతాయి గనుక బొమ్మ తెగదు. సినిమా పత్రికలు తారల రంగుల బొమ్మకు ఇచ్చే ఆ చోటును ఈ రాతకు ఇవ్వాలి.